విశాఖకు కావాల్సింది కొలిచే కన్ను

అరిసెలకు పాకం పట్టే ఇల్లాలు పొయ్యి దగ్గర నుంచి కదలదు. పళ్లెంలో కాసిని నీళ్లు పోసుకుని, పాకం చుక్క వేసి, వేలితో ఉండ చేసి చూస్తుంది. ఉండ కట్టిందా, వెంటనే పిండి పోస్తుంది. పాకం ముదిరిపోతే ఆ తర్వాత ఎవరూ చేయగలిగింది లేదు. కాంతినిచ్చే సెమీకండక్టర్ స్ఫటికాల సంగతీ అంతే.

విశాఖలో ఇప్పుడు ఎవరిని కదిపినా డేటా సెంటర్ల మాటే. 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన 1,500 కోట్ల డాలర్ల ఏఐ హబ్, దాంతో వచ్చే సముద్రగర్భ కేబుళ్ల వివరాలు అందరికీ తెలిసినవే. ఆ కేబుళ్లలో పరుగెత్తేది కాంతి. ఆ కాంతిని పుట్టించే లేజర్లను, అంటే ఇండియం ఫాస్ఫైడ్ అనే సెమీకండక్టర్ స్ఫటికాలను, పెంచడం నేర్చుకునే ఆలోచన మనకుందా?

'పెంచడం' అనే అంటారు, తయారు చేయడం అనరు. వాయువుల్ని రియాక్టర్ అనే మూసిన పాత్రలోకి పంపి, వేడి పలక మీద పరమాణువుల్ని పొర మీద పొరగా పేరుస్తారు. ఉదాహరణకు, ఇలాగే పెంచే నీలి ఎల్ఈడీలో వెలుగునిచ్చే పొర మందం రెండు మూడు నానోమీటర్లే (నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు). ఆ పొర పెరిగే వేళ వేడి ఒక్క డిగ్రీ తేడా వచ్చినా కాంతి తరంగదైర్ఘ్యం, అంటే దాని రంగు, ఒక నానోమీటరో, ఇంకాస్తో జరుగుతుంది. పైగా పలక వేడికి వంగుతుంది. అంచు పైకి లేస్తే అక్కడ చల్లబడి, ఒకే పలక మీద రెండు రంగులొస్తాయి. ఇంకో చిక్కు: నీలి ఎల్ఈడీకి అడుగున వాడే నీలమణి పలక పరారుణ కాంతికి అడ్డు రాదు. దూరం నుంచే వేడిని కొలిచే మామూలు పైరోమీటర్ దాని గుండా చూసి, పలకను మోసే కింది పళ్లెం వేడినే చెబుతుంది, పలక వేడిని కాదు.

అందుకే రియాక్టర్‌కు చిన్న కిటికీ పెడతారు. దాని గుండా కాంతి వేస్తే అందులో కొంత స్ఫటికం పైముఖం నుంచి, కొంత స్ఫటికం అడుగు నుంచి తిరిగి వస్తుంది. రెండూ కలిసినప్పుడు, స్ఫటికం మందమయ్యే కొద్దీ తెర మీద గీత అలలా లేచి పడుతుంది. 633 నానోమీటర్ల ఎర్ర కాంతి అయితే, నీలి ఎల్ఈడీ స్ఫటికమైన గాలియం నైట్రైడ్‌లో ఒక్కో అలకు సుమారు 130 నానోమీటర్ల మందం పెరిగినట్టు. అల ఎత్తు తగ్గుతూ వస్తే ఉపరితలం గరుకెక్కుతోందని అర్థం. అప్పటికప్పుడు వేడి సర్దుకోవచ్చు. నాకు ఒళ్లు పులకరించేది ఇక్కడే. నీలి ఎల్ఈడీకి 2014లో నోబెల్ పంచుకున్న షుజి నకమురా, స్ఫటికం పెరుగుతుండగానే ఇలా అలలతో గమనించే పద్ధతిని 1991లోనే ప్రచురించారు. ఆ ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీ లోకానికి తెలిసింది 1993లో. ముందు చూడటం నేర్చుకున్నారు, వెలుగు తర్వాత వచ్చింది.

పొరలు పేర్చిన పలకలు దిగుమతి చేసుకుంటే పోదా, రియాక్టర్లకు కోట్లు ఎందుకు, ముందు ఉద్యోగాలు చూడండి అంటారు. ఉద్యోగాల ఆత్రం న్యాయమైనదే. కానీ పలక కొనుక్కునేవాడికి పాకం ఎప్పుడు దించాలో ఏనాటికీ తెలియదు.

అసలు జబ్బు ఇంకా లోతుగా ఉంది. మనం భవనానికి పెట్టినంత మనసు పరికరానికి పెట్టం. ఆమధ్య ఒక కాలేజీ ల్యాబ్‌లో ఫర్నేస్ చూశాను. డిస్‌ప్లే 900 డిగ్రీలు చూపిస్తోంది. కాలిబ్రేషన్, అంటే కొలత సరిచూడటం, ఎప్పుడు చేయించారని అడిగితే, టెక్నీషియన్ మాట్లాడకుండా పక్కనున్న స్టిక్కర్ చూపించాడు. గడువు దాటి మూడేళ్లు. ఆ 900 ఎంతో ఎవరికీ తెలియదు, పిల్లలు మాత్రం రికార్డులో అదే రాసుకుంటున్నారు. ఇదే ఊళ్లో ఉక్కు కర్మాగారంలో కొలిమి వేడిని అనుక్షణం కనిపెట్టుకుని బతికిన ఇన్‌స్ట్రుమెంటేషన్ మనుషులు ఉన్నారు. వాళ్లను ఏ తరగతి గదికీ పిలవం.

1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఒక్క రియాక్టర్ ఇవ్వండి, కిటికీతో సహా. దాని పక్కన కాంట్రాక్టు మనిషిని కాదు, పర్మనెంట్ టెక్నీషియన్‌ను కూర్చోబెట్టండి. కాలిబ్రేషన్ ఖర్చు ఏటా బడ్జెట్‌లో రాయండి. మొదటి ఏడాది లేజర్ రాకపోయినా ఫర్వాలేదు, తెర మీద ఆ అలను చదవగలిగే పదిమంది పిల్లలు తయారైతే చాలు.