పిల్లికీ వంశవృక్షమట!

పర్షియన్ పిల్లికూన కొందామని వెళ్లి ధర అడిగితే, నా చెవులు పనిచేస్తున్నాయో లేదోనని రెండోసారి అడిగాను. అదే ధర! ఎందుకంత అంటే "కాగితాలున్నాయండీ" అన్నాడు పెంపకందారు. దాని తాతముత్తాతల పేర్లన్నీ రాసున్న కాగితం. మా ముత్తాత పేరే నాకు తెలీదు, సరే పోనీ.

పద్ధతిగా పెంచేవాళ్లకు ఖర్చుంటుంది, కాదనను. టీకాలు, డీఎన్ఏ పరీక్షలు, కూనను 12 వారాలదాకా తల్లి దగ్గరే ఉంచడం, అన్నీ డబ్బుతో పనే. అందుకే "పీకేడీ రిపోర్టు చూపించండి" అన్నాను. పర్షియన్లలో కిడ్నీల నిండా నీటితిత్తులొచ్చే జబ్బది. తల్లికో తండ్రికో ఒక్కరికున్నా చాలు, పుట్టే ఒక్కో కూనకూ వచ్చే అవకాశం సగానికి సగం. "అదేంటండీ?" అన్నాడు! డబ్బు తీసుకునేది దేనికి మరి?

పైగా అడ్వాన్సు తిరిగివ్వడట. "చెవులు మడిచిన స్కాటిష్ ఫోల్డ్ చూస్తారా, ఇంకా ఖరీదు" అని గొప్పగా చెప్పాడు. ఆ చెవులు మడతపడేదే మృదులాస్థి లోపంతో, ఆ లోపమే కీళ్లనూ తినేస్తుంది. జబ్బుకి అదనపు రేటన్నమాట!

ఇంత బేరం జరుగుతుంటే ఆయన గుమ్మంలోనే కాగితాల్లేని గండుపిల్లి ఒకటి కాళ్లు బారజాపి నిద్రపోతోంది. అదెంత అని అడగబోయి ఊరుకున్నాను.