ఆసియా/విశాఖపట్నం కావాలి!

రైల్వే జోన్ కోసం విశాఖ ఎన్ని ధర్నాలు చేసిందో లెక్కలేదు. 2019లో ప్రకటన వచ్చింది, మనవాళ్లు టెంట్లు పీకేశారు. తొందరపడ్డారు. ఇంకో జోన్ మిగిలిపోయింది. టైమ్‌జోన్.

ఈ అన్యాయం మా ఎంవీపీ కాలనీ ఇంట్లో, ఏటీఎం కార్డంత కంప్యూటర్ మీద బయటపడింది. దాని పేరు రాస్ప్‌బెర్రీ పై. పుట్టిల్లు కేంబ్రిడ్జ్, 2012 నుంచి అమ్ముతున్నారు. మొదటిసారి ఆన్ చేయగానే మీదే దేశమని మర్యాదగానే అడిగింది. నేను చదవకుండా నెక్స్ట్ కొట్టాను. ఆ గడిలో ముందే యునైటెడ్ కింగ్‌డమ్ అని ఉందట.

దాంతో కీబోర్డూ బ్రిటిష్‌దైపోయింది. ఇక చూడండి. మా వైఫై పాస్‌వర్డ్‌లో ఒక ఎట్ (@) గుర్తుంది. షిఫ్ట్ పట్టుకుని 2 నొక్కాను. తప్పంది. ఆరుసార్లు తప్పంది. పాస్‌వర్డ్ మార్చేశావని తమ్ముడి మీద అరిచాను కూడా. తీరా ఖాళీ పేజీలో కొట్టి చూస్తే, అక్కడ పడుతున్నది కొటేషన్ మార్కు. ఎట్ గుర్తేమో ఎంటర్ పక్కన దాని ఇంట్లో కాపురముంటోంది. హ్యాష్ నొక్కితే పౌండ్ గుర్తు! నెలాఖరులో మా ఇంట్లో రూపాయికే దిక్కులేదు.

మొత్తానికి నెట్ వచ్చింది, దాంతోపాటు లండన్ టైమూ వచ్చింది. సంక్రాంతి వారం, పొద్దున్న ఆరున్నర. ఆర్కే బీచ్‌లో వాకింగ్ వాళ్లు చెమటలు తుడుచుకుంటున్నారు. మా యంత్రంలో రాత్రి ఒంటిగంట.

సెట్టింగ్స్‌లోకి వెళ్లి దేశం, కీబోర్డ్ మార్చాను. భాష తెలుగు పెట్టాను. మెనూలు సగం తెలుగు, సగం ఇంగ్లిష్, అచ్చం మన మాటల్లాగే. కమాండ్లు కొట్టే నల్ల తెరలో మాత్రం ఒత్తులు అక్షరాలతో అలిగి పక్కకి జరిగాయి. మళ్లీ ఇంగ్లిష్‌కే వచ్చేశాను. ఈ విషయంలో నేనేం వీరుణ్ణి కాను.

కానీ టైమ్‌జోన్ దగ్గర ఊరుకోలేకపోయాను. అందులో జోన్లకి ఖండం/ఊరు అని పేర్లు. జాబితాలో మనకున్నది ఒకటే: ఆసియా/కోల్‌కతా. ఎందుకండీ? దేశం గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నడుస్తుంది. ఆ గీత మన తుని దగ్గర నుంచే పోతుంది. విశాఖ దానికి డిగ్రీ దూరం కూడా లేదు. సూర్యుడి లెక్కన మనం సుమారు 3 నిమిషాలు ముందు, అంతే. కోల్‌కతా 23 నిమిషాలు ముందు. పైగా 1906లో దేశమంతటికీ ఒకే టైమని పెడితే, నాకొద్దని 1948 దాకా సొంత టైము నడుపుకున్న ఊరది. వద్దన్నవాళ్లకి పేరు, గీత పక్కనున్నవాళ్లకి బీచ్ ఫెస్టివల్.

జనాభా ఎక్కువున్న ఊరి పేరు పెట్టడం ఆనవాయితీ అంటారు. అయితే గాజువాక, భీమిలి అన్నీ కలిపి లెక్కపెట్టండి. చాలకపోతే తునిని కూడా కలుపుకుంటాం.

వినతిపత్రం రాస్తుండగానే కరెంటు పోయింది. ఈ బోర్డులో బ్యాటరీ గడియారం లేదు. కరెంటొచ్చాక నెట్ దొరికేదాకా, చివరిసారి దాచుకున్న టైము నుంచే లెక్క మొదలుపెడుతుంది. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది.

“ఏట్రా, టైమెంతని చెబుతుందది?”

“ఇంకా పదకొండే అంటుందమ్మా.”

“నా గడియారం చూసుకో. పన్నెండూ అయిదు.”

ఆ గోడ గడియారాన్ని అమ్మ ఎప్పుడూ అయిదు నిమిషాలు ముందు పెడుతుంది. అసలైన విశాఖ టైముకి రెండు నిమిషాలే ఎక్కువ. వినతిపత్రానికి దాని ఫొటో జతచేశాను.