కొత్త హోటలు మెనూకార్డు గారికి బరంపురం నుంచి ఒక విజ్ఞాపన

మహారాజశ్రీ మెనూకార్డు గారి దివ్యసముఖమునకు, బరంపురం వాస్తవ్యుడు, ఒక సాధారణ భోజనప్రియుడు వ్రాసుకునే విజ్ఞాపన.

ఉభయకుశలోపరి. కుశలమని అలవాటు కొద్దీ రాశాను గానీ, మొన్న ఆదివారం తమరిని దర్శించుకుని వచ్చిన దగ్గర నుంచి మా ఇంట్లో ఇద్దరి కడుపులు అంత కుశలంగా లేవు. అందుకు తమరిని తప్పుపట్టను. తమరు అట్ట, ప్లాస్టిక్కు, రంగుల బొమ్మలు. వండినవాళ్లు వేరు. అయినా ఊరించింది తమరే గనక ఉత్తరం తమరికే చేరాలి.

మా ఊళ్లో కొత్త హోటలు తెరిచారంటే అదొక సామూహిక కర్తవ్యం. దగ్గరి బంధువుల ఇంట్లో పెళ్లికి వంక చెప్పి తప్పించుకున్నవాళ్లు కూడా దీనికి మాత్రం తయారవుతారు. గుమ్మానికి కట్టిన బెలూన్లలో సగం గాలి దిగకముందే మేమూ వెళ్లాం. నేను, మా ఆవిడ, బావమరిది, మా అత్తగారు. చల్లటి గదిలో కూర్చోబెట్టి తమరిని తెచ్చి చేతిలో పెట్టారు. పెళ్లి ఆల్బమంత బరువున్నారు తమరు. మా అత్తగారు ఒక చేత్తో మోయలేక ఒళ్లో పెట్టుకుని, ఎవరి పెళ్లో తెలియని దానిలా ఒక్కో పేజీ తిప్పారు.

చైనా వచ్చింది, ఇటలీ వచ్చింది, మెక్సికో, అరబ్బు దేశాలు, పంజాబు వరసగా వచ్చాయి. తరువాత ఎర్ర మిరపకాయల బొమ్మతో ఒక పేజీ: ‘ఆంధ్రా స్పెషల్’. అయ్యా, ఆంధ్రా అంటే మాకు పాతిక కిలోమీటర్లు. పొద్దున్న ఇచ్ఛాపురం వెళ్లి, పెళ్లి సంబంధం చూసి, నచ్చలేదని చెప్పి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేస్తాం. 1936 ఏప్రిల్ 1న గంజాం జిల్లాలో ఎక్కువ భాగాన్ని మద్రాసు రాజధాని నుంచి విడదీసి కొత్త ఒడిశా రాష్ట్రంలో కలిపారు. ఇచ్ఛాపురం అటు ఉండిపోయింది, మేం ఇటు ఉండిపోయాం. కాగితం మీద గీత పడింది గానీ వంటింట్లో పడలేదు. ఇడ్లీ మీద చట్నీతో సరిపెట్టుకోకుండా బఠాణీల ఘుగునీ పోసుకుని తినే ఊరు మాది. తెనాలి నుంచి వచ్చిన మా చిన్నాన్నగారి అల్లుడు దాన్ని మొదటిసారి చూసి కళ్లు తేలేశాడు. ఊరు వదిలే నాటికి, ఘుగునీ లేకుండా ఇడ్లీ ఎలా పెడుతున్నారని బండివాడితో పోట్లాడాడు. అలాంటి ఊళ్లో తమ పేజీలన్నీ వెతికినా ఘుగునీ లేదు, కూరగాయలు వేసి వండే పప్పు దాల్మా లేదు, వడియాలు నలిపి చేసే బడి చూరా లేదు. ఈ ఊరు అప్పడాలకీ పచ్చళ్లకీ పేరుపడ్డదని ఎవరైనా తమ చెవిన వేశారో లేదో గానీ, తమరిలో ఉన్న ఒకే ఒక్క అప్పడం ‘మసాలా పాపడ్’. అదీ పంజాబు పేజీలో.

ఇక బిర్యానీ. ‘నిజాం వంటశాల రహస్యం’ అని బంగారు అక్షరాల్లో వేయించుకున్నారు. గిన్నె మూత తీయగానే వాసన గుప్పుమంది. మెతుకులకన్నా ముందు ఆ వాసనే కడుపు నింపింది. బావమరిది పరవశించి, “హైదరాబాదు వాసన, బావా!” అన్నాడు. నాకు నవ్వాగలేదు. అది మొగలిపువ్వు నీళ్ల వాసన. ఆ మొగలి పొదలు హైదరాబాదులో కాదు, ఈ హోటలు గుమ్మం నుంచి సముద్రం వైపు కాసేపు వెళితే రంగేయిలుండా, ఛత్రపురం ప్రాంతాల్లో దారి పక్కన, పొలం గట్ల మీద ముళ్లతో నిలబడి ఉంటాయి. మగపూలు కోసి, రాగి డేగిసాల్లో నీళ్లతో కాచి, ఆవిరి పట్టి అత్తరు తీస్తారు. గంజాం మొగలికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. దేశంలో ఈ సరుకు చాలావరకు మా జిల్లాదే. కొంత అత్తరు బజార్లకు, కొంత మిఠాయిలకు, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చాలానే పాన్ మసాలా డబ్బాల్లోకి పోతుంది. మిగిలింది ‘రహస్యం’గా మారి మా బల్ల మీదికే తిరిగి వస్తుంది. మా దొడ్లో పువ్వును మాకే అమ్ముతూ నిజాం పేరు చెప్పడం తమ తెలివి. కొనుక్కుని హైదరాబాదు అనుకోవడం మా తెలివి.

చేపల పేజీ గురించి ఎక్కువ చెప్పను. ఒకవైపు గోపాల్‌పూర్ సముద్రం, మరోవైపు చిల్కా రొయ్యలు, పీతలు ఉన్న జిల్లాలో ‘అపోలో ఫిష్’ అడిగితే పెట్టెలో గడ్డకట్టి ఎక్కడి నుంచో వచ్చిన ముల్లులేని చేప పెట్టారు. రుచి కూడా లేదు. ముల్లుతో పాటే తీసేసి ఉంటారు.

తమరి ధరల మీద తెల్ల స్టిక్కర్లున్నాయి. హోటలు తెరిచి నెల కాలేదు, అప్పుడే స్టిక్కర్లు! మా అత్తగారికి కూరగాయల బండి దగ్గర వంకాయ తొడిమ గిల్లి చూసే అలవాటు. అలాగే పనీరు టిక్కా ధర మీద గోటితో గీకారు. కింద ఇంకో స్టిక్కరు. దాన్నీ గీకితే అసలు అచ్చు ధర బయటపడింది. మూడు ధరల్లోనూ పెద్దది పైన ఉంది. వడ్డించే అబ్బాయి చూసీ చూడనట్టు నీళ్లు పోశాడు.

ఆ అబ్బాయికి మాత్రం నమస్కారం చెప్పాలి. తమరిని ఎక్కడ చూపించినా, “అది ఇవాళ లేదండి” అన్నాడు. ఇటలీ లేదు, మెక్సికో లేదు, అరబ్బు మండీ శుక్రవారం మాత్రమేనట. చివరికి మామీద జాలిపడి, తమరిని సున్నితంగా మూసి పక్కన పెట్టి, “ఉన్నవి చెప్పనా సార్?” అని గుక్క తిప్పుకోకుండా అయిదారు పేర్లు చెప్పాడు. అంత బరువు మోసుకుని తమరు చేయలేని పని ఆ గుక్కలో అయిపోయింది.

అసలు సంగతి చేతులు కడుక్కునే చోట జరిగింది. కుళాయి పక్క తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల వంటవాళ్లు ముగ్గురు నేల మీద చుట్టూ కూర్చున్నారు. మధ్యలో స్టీలు బేసిన్‌లో పఖాళ. అన్నం, పులిసిన నీళ్లు, పైన తేలుతున్న ఉల్లిపాయ చీలికలు, పచ్చిమిరపకాయ. పక్కనే కాగితం మీద కాల్చిన ఎండుచేప, వేయించి నలిపిన వడియాలు. బయట ఎండ మండిపోతోంది. మేం చల్లటి గదిలో సగం ఉడికిన నూడుల్సుతో కుస్తీ పడుతుంటే, వాటిని వండినవాళ్లు ఇక్కడ నిమ్మళంగా గంజి నీళ్లు జుర్రుతున్నారు. మా అత్తగారు కదలలేదు. చిన్నప్పుడు పుట్టింట్లో తిన్న చద్దన్నం గుర్తొచ్చిందో ఏమో, వెనక్కి తిరిగి, “బాబూ, నాకు కాస్త ఇది పెట్టించు” అన్నారు.

కోటు వేసుకున్న మేనేజరు పరుగున వచ్చాడు. “అది మెనూలో లేదమ్మా. పనివాళ్ల తిండి.”

“అయితే నాకూ ఏదో పని చెప్పు బాబూ, చేసి తింటాను.”

మేనేజరు నవ్వాలా వద్దా అని మా వైపు చూశాడు. పూరీ జగన్నాథుడు ఆరగించే పదార్థం తమ పేజీల్లో చోటుకు పనికిరాలేదు. ఏటా మార్చి 20న పఖాళ దినమని ఊరంతా కంచాల ఫొటోలు పెడతారు. ఆ రోజు తమ హోటలువారూ ఒకటి పెడతారని నాకు గట్టి నమ్మకం. రంగుల గొడుగు గుచ్చిన గాజు గిన్నెలో, నాలుగు వందలకి.

బిల్లు తమరి శాఖ కాదు, తమ చిన్న తమ్ముడిది. అయినా ఒక మాట. 5 శాతం జీఎస్టీ, అంటే సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి, న్యాయమే. దాని కింద 10 శాతం ‘సర్వీసు చార్జి’ తనంతట తానే వచ్చి కూర్చుంది. హోటళ్లు దాన్ని వినియోగదారుడి ప్రమేయం లేకుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఈ మాట అంటే మేనేజరు, “కంప్యూటర్ వేసేసింది సార్” అన్నాడు. కంప్యూటర్‌కి ఏం తెలుసు, దాన్ని నేర్పినవాడికి తెలుసు. 1915కి ఫోను చేస్తే వినియోగదారుల సహాయ కేంద్రం పలుకుతుందని బావమరిది తన ఫోను బల్ల మీద పెట్టగానే కంప్యూటర్‌కి జ్ఞానోదయమైంది. ఆ పది శాతం వడ్డించిన అబ్బాయికి అందుతుందంటే సంతోషంగా ఇచ్చేవాళ్లం. అడిగితే అతను నేల చూపులు చూశాడు. చేతికే ఇచ్చి వచ్చాం.

కనుక మెనూకార్డు గారూ, తమరిని మళ్లీ అచ్చు వేయించే రోజు త్వరలోనే వస్తుంది. స్టిక్కర్లకు ఇక చోటు లేదు గనక. అప్పుడు మెక్సికోని కాస్త పక్కకు జరగమనండి. పంజాబు, చైనా ఉండనివ్వండి, పిల్లలకు కావాలి. ఒక్క పేజీ మాత్రం ఆ వెనక తలుపు లోపల కూర్చున్న ముగ్గురినీ అడిగి రాయించండి. బిర్యానీ పక్కన ‘గంజాం మొగలితో’ అని చిన్న అక్షరాల్లోనైనా వేయించండి. నిజాం ఏమీ అనుకోడు.

ఇట్లు,
తమ పేజీలు తిప్పి తిప్పి బొటనవేలు నొప్పి పుట్టిన
బరంపురం వాసి

తా.క. ఈ ఉత్తరం రాస్తుండగా బావమరిది కబురు పంపాడు. సర్వీసు చార్జి అందరి బిల్లుల్లోంచీ తీసేశారట. బిర్యానీ ధర మీద నాలుగో స్టిక్కరు పడిందట.