పలచబడితే పోతుందా?

"కాస్త యాంటీబయాటిక్ కలిస్తే ఏమవుతుంది? అంత మురుగునీటిలో పలచబడిపోతుంది కదా!" ఈ మధ్య మళ్లీ విన్నాను ఈ మాట. అన్నవారు శుద్ధి కేంద్రాలు కట్టించే మనిషి. అందుకే ఒళ్లు మండింది.

మురుగునీటిని శుభ్రం చేసేది మోటార్లు కాదు, బ్యాక్టీరియా. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ చూపిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది: గాలి ఊదుతూ వాటిని పెంచితే మురికిని అవే తింటాయి. వాటిని చంపడానికే తయారుచేసిన మందును వాటి ట్యాంకులోకే వదిలి, పని మాత్రం ఆగకూడదంటాం.

మందు మోతాదు మించినప్పుడు కంటికే తెలిసిపోతుంది. ట్యాంకు నీటిని లీటరు గాజు సిలిండర్‌లో పోసి అరగంట కదపకుండా ఉంచితే, బురద అడుక్కి దిగి పైన తేట నిలవాలి. ఒకసారి నా కళ్లెదుటే అరగంట దాటినా పైనంతా బియ్యం కడిగిన నీళ్లలా ఉండిపోయింది. మైక్రోస్కోపులో చూస్తే, గుత్తులుగా అతుక్కుని ఉండవలసిన బ్యాక్టీరియా పొడిపొడిగా విడిపోయి ఉంది. ఆ వెనకే అమ్మోనియా పెరిగింది. దాన్ని నైట్రేట్‌గా మార్చే రకాలు అసలే నిదానంగా పెరుగుతాయి, దెబ్బతింటే తేరుకోవడానికి వారాలు పడుతుంది.

ఇది కనబడే నష్టం, సరిదిద్దుకోవచ్చు. అసలు ప్రమాదం కనబడనిది. ఇళ్ల నుంచి వచ్చే మురుగులో మందు లీటరుకు నానోగ్రాముల నుంచి మైక్రోగ్రాముల్లోనే ఉంటుంది. (మింగిన అమాక్సిసిలిన్‌లో సగానికి పైగా మారకుండానే మూత్రంలో బయటికి వస్తుంది.) ట్యాంకు చక్కగా పనిచేస్తుంది, నీటిలో మిగిలిన మురికిని కొలిచే బీఓడీ, సీఓడీ అంకెలు బాగుంటాయి. అమాక్సిసిలిన్ వంటి పెన్సిలిన్ల అణువులోని వలయం నీటిలో త్వరగానే విరుగుతుంది. సిప్రోఫ్లోక్సాసిన్ అనే మరో యాంటీబయాటిక్ అలా కాదు, బురదకు పట్టుకుని, ఆ బురదను ఎరువుగా చల్లిన పొలానికి చేరుతుంది. మన పేగుల్లోని బ్యాక్టీరియా, నీటిలోని బ్యాక్టీరియా ఆ గుత్తుల్లో ఒకదానికొకటి ఒరుసుకుంటూ ప్లాస్మిడ్లు (మందును తట్టుకునే జన్యువులను మోయగల చిన్న డీఎన్‌ఏ వలయాలు) మార్చుకుంటాయి. చావనంత, కానీ తట్టుకున్నవాటికే లాభం కలిగేంత మందు అక్కడ ఉంటుంది. పలచబరిచి మనం తయారుచేస్తున్నది సరిగ్గా ఆ మోతాదునే! చివర్లో క్లోరిన్ కలిపితే బ్యాక్టీరియా చావవచ్చు, నిరోధక జన్యువులున్న డీఎన్‌ఏ ముక్కలు మాత్రం మిగిలిపోగలవు.

మందుల తయారీ వ్యర్థజలాన్ని ఊరి మురుగుతో కలిపి "బ్యాక్టీరియాకు మేత దొరుకుతుంది" అనేవారితో నా గొడవ ఇదే. పుట్టినచోటే ఓజోన్‌తోనో, యాక్టివేటెడ్ కార్బన్‌తోనో మందును తగ్గించి, ఆ తర్వాత వదలండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై 2024లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఖర్చవుతుందంటారు, అవుతుంది.

ఆ సిలిండర్ మసకబారిన రోజు నివేదిక నేనే నింపాను. పీహెచ్‌కు గడి ఉంది, బీఓడీకి ఉంది, నూనె జిడ్డుకు కూడా ఉంది. యాంటీబయాటిక్‌కు లేదు. "కారణం" అన్నచోట "తెలియదు" అని రాయమన్నారు.