ఒక సున్నా ఎక్కువైన మాసానికి

మాంసమాసం గారికి,

నమస్కారం. మాంసం తప్ప ఇంకేమీ తినకూడదన్న మీ ముప్పై రోజులూ పూర్తిచేసి, ముప్పై ఒకటో రోజు పొద్దున్నే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎడమచేతిలో నారింజపండు ఉంది. కాగితం మీద అక్కడక్కడా రసం చుక్కలు పడితే ఏమీ అనుకోకండి. అనుకున్నా ఇప్పుడు నన్నేం చేయలేరు.

మాసానికీ మాంసానికీ తేడా ఒక్క సున్నా. మీ సిద్ధాంతమంతా ఆ సున్నాలోనే ఉందని మొదటిరోజే చెప్పారు. పిండిపదార్థం సున్నా, చక్కెర సున్నా, పీచు సున్నా, సందేహాలు సున్నా. మొదటి మూడూ ఎలాగోలా పాటించాను. నాలుగోది నావల్ల కాలేదు.

నిజం చెప్పాలంటే నేను మీ దగ్గరికి ఆరోగ్యం కోసం రాలేదు. ఏం తినాలో ఆలోచించే ఓపిక అయిపోయి వచ్చాను. ఒకరు నూనె మానెయ్యమంటారు, ఇంకొకరు అదే నూనె పరగడుపున తాగమంటారు, మరొకరు సాయంత్రం ఆరు దాటితే నోరు కుట్టేసుకోమంటారు. మీరొక్కరే మూడు ముక్కల్లో తేల్చేశారు: మాంసం, ఉప్పు, నీళ్లు. ఇంత చిన్న సిలబస్ చూస్తే ఎంత బద్ధకస్తుడైనా పరీక్షకు ఫీజు కట్టేస్తాడు.

ఒంటరిగా అయితే మూడోరోజే పారిపోయేవాణ్ణి. ఆ సంగతి మీకు ముందే తెలుసు కాబట్టి గ్రూపు పెట్టించారు. ముప్పై మందిమి. ప్రతి ఒక్కరికీ ఒక జోడీ. రాత్రి తొమ్మిదింటికి జోడీకి ఫోన్ చేసి, ఆ రోజు నోట్లోకి ఏమేం వెళ్లాయో ఒప్పజెప్పాలి. ఆదివారం అందరూ కలిసి కూర్చోవాలి. అందరి మీదా ఒక లీడర్ గారు. ఆయన పోయిన ఏడాది రెండుసార్లు ఈ నెల పూర్తిచేశారట, కాబట్టి మాకు డాక్టరుతో సమానం.

మొదటి సమావేశం గంటన్నర జరిగింది. అందులో గంటా పది నిమిషాలు మిరియాల మీదే. గుడ్డు మీద చిటికెడు మిరియాలపొడి చల్లుకోవచ్చా అని ఒకాయన అడిగాడు, పాపం అమాయకంగా. మిరియం గింజ, గింజ మొక్క సంతానం, మొక్క మన శత్రువు అని ఒక వర్గం తేల్చింది. మసాలా ఆహారం కాదు, అభిప్రాయం మాత్రమే అని రెండో వర్గం. ఉప్పు రాయి కాబట్టి నిర్దోషిగా విడుదలైంది. తేనె విషయంలో కాసేపు గందరగోళం: తేనెటీగ ప్రాణే, కానీ సరుకు పువ్వులది, అంటే దొంగసొత్తు. చివరికి కాఫీ ప్రస్తావన వచ్చేసరికి గదిలో ఒక్కరు మాట్లాడలేదు. అందరి చేతుల్లోనూ కప్పులున్నాయి. కాఫీని మాంసంగా పరిగణించాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఆ పక్కనే సాసేజీలు, బేకన్ ఏ చర్చా లేకుండా అర నిమిషంలో పాసైపోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 2015లో ఇలాంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో చేర్చింది. అయినా అవి మొక్కలు కావు కదా. మిరియానికి ఆ అదృష్టం లేదు.

మూడోరోజుకి తల పగిలిపోయింది. మెట్లెక్కుతుంటే కాళ్లు నావి కాదనిపించాయి. గ్రూపులో చెప్పుకున్నాను. "ఉప్పు పెంచండి" అన్నారు. పెంచాను, తగ్గింది. ఇక్కడ మీకు ఇవ్వాల్సిన మార్కులు ఇచ్చేస్తాను. పిండిపదార్థాలు ఒక్కసారిగా మానేస్తే ఒంట్లో ఇన్సులిన్ తగ్గుతుంది, దాంతో మూత్రపిండాలు ఉప్పునీ నీటినీ బయటికి పంపేస్తాయి. తలనొప్పికీ నీరసానికీ అదొక ముఖ్య కారణం. ఆవు గురించి అడిగినప్పుడు ఆవు వ్యాసం రాస్తే తప్పేముంది?

కానీ ఆ తర్వాత ఏ ప్రశ్నకైనా అదే వ్యాసం. నిద్ర పట్టడం లేదంటే ఉప్పు పెంచండి. నోరు వాసనొస్తోందంటే కొవ్వు పెంచండి. నాలుగు రోజులుగా కడుపు కదల్లేదని ఒకాయన గొంతు తగ్గించి చెప్తే కొవ్వు పెంచండి. ఆయన పెంచాడు. మర్నాడు అసలు ఆగడం లేదని గొంతు పెంచి చెప్తే, "బాడీ అలవాటు పడుతోంది, ఉప్పు పెంచండి." ఒకావిడ మా ఆయన నాకు కొవ్వెక్కువైందంటున్నాడని బాధపడింది. లీడర్ గారు చప్పట్లు కొట్టి, మంచి లక్షణం, అలాగే కొనసాగించండి అన్నారు.

వారం తిరిగేసరికి రెండున్నర కేజీలు తగ్గాను. గ్రూపంతా పండగ చేసుకుంది. నేనూ అద్దం ముందు కాసేపు పక్కకి తిరిగి నిలబడ్డాను. ఆ రాత్రి చదవకూడనిది చదివాను. మన కండరాల్లో, కాలేయంలో కలిపి అర కేజీ దాకా గ్లైకోజెన్, అంటే ఒళ్లు దాచుకున్న పిండిపదార్థం, నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రాముకీ సుమారు మూడు గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. పిండి మానగానే ముందు ఖాళీ అయ్యేది ఆ నిల్వే. అంటే అద్దం ముందు నేను మురిసిపోయింది చాలావరకు బాత్రూమ్‌కి వెళ్లొచ్చిన నీళ్లని చూసుకుని. ఈ మాట ఆదివారం అందామనుకున్నాను. కానీ బరువు తగ్గినవాళ్ల బోర్డు మీద నా పేరు మూడో స్థానంలో రాసి ఉంది. కిక్కురుమనకుండా కూర్చున్నాను.

మీ పూర్వీకుల చరిత్ర కూడా లీడర్ గారే చెప్పేవారు, ప్రతిసారీ సగం దగ్గర ఆపి. మిగతా సగం వెతుక్కోవడం నాకు అలవాటైంది. పిండి, చక్కెర మానితే ఒళ్లు తగ్గుతుందని 1863లో లండన్‌లో విలియం బాంటింగ్ అనే ఆయన చిన్న పుస్తకం వేశాడు. అంత్యక్రియల సామగ్రి సమకూర్చడం ఆయన వృత్తి. సుమారు ఇరవై కేజీలు తగ్గాడు. స్వీడన్‌లో డైటింగ్ చేయడాన్ని ఇప్పటికీ ఆయన పేరు నుంచి పుట్టిన క్రియతోనే చెప్తారు. ఇంతవరకు లీడర్ గారి సగం. నా సగం ఏమిటంటే, ఆయన కూరగాయలూ పండ్లూ తిన్నాడు, వైన్ కూడా తాగాడు. మీ గ్రూపులో ఉండుంటే మొదటి ఆదివారమే గెంటేసేవారు. పైగా ఆయన పుస్తకం కూడా ప్రజలకు రాసిన ఉత్తరమే, కాబట్టి నేను చేస్తున్నది కొత్త అపచారమేమీ కాదు.

తర్వాత సాలిస్‌బరీ. పందొమ్మిదో శతాబ్దపు ఈ అమెరికన్ డాక్టరు రోజుకి మూడుపూటలా కీమా, ముందు వేడినీళ్లు, రోగాలన్నీ పరార్ అన్నాడు. లీడర్ గారు ఈ పేరు చెప్పినప్పుడల్లా కళ్లు మూసుకుంటారు. నాకు మాత్రం ఆ పేరు వినగానే ఇంకో సాలిస్‌బరీ గుర్తొస్తుంది, అది ఓడ. 1747లో ఆ ఓడ మీదే జేమ్స్ లిండ్ అనే వైద్యుడు సి విటమిన్ లేక వచ్చే స్కర్వీతో చిగుళ్లు కుళ్లిపోతున్న పన్నెండుమంది నావికులను ఇద్దరిద్దరిగా విడదీసి, ఒక్కో జంటకీ ఒక్కో మందు ఇచ్చి చూశాడు. అందరికంటే ముందు లేచి నిలబడింది రోజూ రెండు నారింజలు, ఒక నిమ్మకాయ తిన్న జంట. ఒకే పేరుతో ఒకరు మాంసం తినమన్నారు, ఒకరు నారింజ తినమన్నారు. చూస్తున్నారుగా, నేను ఓడ ఎక్కేశాను.

అన్నిటికంటే మీకు ఇష్టమైన కథ 1928 నాటిది. ఆర్కిటిక్‌లో ఇన్యూట్ ప్రజలతో కలిసి బతికొచ్చిన అన్వేషకుడు స్టెఫాన్సన్, తోడుగా ఇంకో మిత్రుడు, న్యూయార్క్‌లో వైద్యుల పర్యవేక్షణలో ఏడాదిపాటు మాంసమే తిన్నారు. స్కర్వీ రాలేదు, బాగానే ఉన్నారు. నిజమే, కాదనను. ఖర్చు భరించింది మాంసం కంపెనీల సంఘమని కూడా ఎవరైనా చెప్పుంటే బాగుండేది. ఇంకొకటి. మొదట్లో స్టెఫాన్సన్‌కి కొవ్వులేని మాంసమే పెట్టి చూశారు. రెండుమూడు రోజుల్లోనే కడుపు పాడై మంచం పట్టాడు, కొవ్వు ఇచ్చాక తేరుకున్నాడు. వాళ్ల తిండిలో శక్తి ఎక్కువభాగం కొవ్వు నుంచే వచ్చింది. మా గ్రూపులో చికెన్ బ్రెస్ట్ మాత్రమే తిన్న కుర్రాడు ఒకడుండేవాడు. రెండో ఆదివారానికి వాడి కుర్చీ ఖాళీ. ఎవరూ అడగలేదు. కుర్చీ కూడా తీసేశారు. ఇన్యూట్‌లైతే తిమింగలం చర్మం, కాలేయం, పచ్చిమాంసం తింటారు, దొరికిన కాలంలో బెర్రీలూ ఏరుకుంటారు. అది తరతరాలుగా నేర్చుకున్న తిండి. నాది పాకెట్టు మీద తేదీ చూసి కొనుక్కున్న తిండి.

ఇప్పుడు పందొమ్మిదో రోజు. ఈ ఒక్కదానికి మీరు కాస్త తీరిక చేసుకోవాలి.

పులి ఆకలేసినా గడ్డి తినదంటారు. ఆ రోజు పచ్చిక చూసి నాకు నోరూరింది, దాంతో నేను పులిని కాదని తేలిపోయింది. ఇంట్లో ఆ నెలంతా ఆనందంగా ఉన్న ప్రాణి పిల్లి ఒక్కటే. పిల్లికి తీపి రుచి చెప్పే జన్యువు పనిచేయదు, కాబట్టి చక్కెర మానడం దానికి త్యాగమే కాదు. నాది పనిచేస్తుంది, ఆ రోజు ఓవర్‌టైమ్ చేసింది. వంటగదిలో అరటిపండు కనిపించింది. తొడిమ దగ్గర కాస్త పచ్చగా, ఒంటి మీద రెండు నల్లమచ్చలు. దాన్ని చొక్కా లోపల దాచుకుని బాత్రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకున్నాను. చప్పుడు వినబడకుండా కొళాయి తిప్పాను. అరటిపండు తింటే చప్పుడేం వస్తుందని మీరడగొచ్చు. దొంగతనంలో ఉన్నవాడికి అన్నీ వినబడతాయి. మూడు ముక్కల్లో అయిపోయింది. అంత తీపి నేను జన్మలో ఎరగను. పండు లోపలికి వెళ్లాక అసలు సమస్య మొదలైంది: తొక్క. చెత్తబుట్టలో వేస్తే ఇంట్లోవాళ్లకి తెలుస్తుంది, వాళ్లకి తెలిస్తే ఆదివారానికల్లా గ్రూపుకి తెలుస్తుంది. మడతపెట్టి, టిష్యూలో చుట్టి, ఆఫీసు బ్యాగు పక్క జిప్పులో పెట్టేశాను.

ఆ రాత్రి తొమ్మిదింటికి జోడీకి ఫోన్ చేశాను. "నాలుగు గుడ్లు, స్టీకు" అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆవిడే మెల్లగా, "ఎవరికీ చెప్పనంటే ఒకటి చెప్తానండీ, నేను సోమవారం నుంచి రోజూ రెండు బిస్కెట్లు తింటున్నాను" అంది. నేను వెంటనే నిజం చెప్పేయాల్సింది. చెప్పలేదు. "ఫర్వాలేదు మేడమ్, ఉప్పు పెంచండి" అన్నాను.

అంతగా పాడైపోయాను నేను. దానికి మిమ్మల్నే తప్పుపడుతున్నాను, ఎందుకంటే తప్పు మీది కావడానికి వీల్లేని ఏర్పాటు మీరు ముందే చేసుకున్నారు. బరువు తగ్గితే మాంసం మహిమ. తగ్గకపోతే ఎక్కడో మిరియాలు వేసుకుని ఉంటావు. 2021లో వచ్చిన ఒక సర్వేని లీడర్ గారు లామినేట్ చేయించుకున్నారు. 2,029 మందిని అడిగితే ఎక్కువమంది హాయిగా ఉన్నామన్నారట. అందులో చేరాలంటే అప్పటికే కనీసం ఆరు నెలలు ఈ తిండి మీద ఉండాలి. సినిమా చివరిదాకా కూర్చున్నవాళ్లనే గేటు దగ్గర ఆపి, ఎలా ఉందని అడిగినట్టు. చికెన్ బ్రెస్ట్ కుర్రాణ్ణి ఎవరడిగారు? రక్తపరీక్ష అంకెలు ఇచ్చినవాళ్ల ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, మధ్యస్థ విలువ 172 అని, అంటే బాగా ఎక్కువని, కూడా అందులోనే ఉంది. లామినేషన్ మెరుపుకి ఆ లైను సరిగ్గా కనబడదు.

అయినా నేను తగ్గాను. నీళ్లు తీసేసినా ఎంతో కొంత తగ్గాను. ఎందుకో లెక్క వేసుకుంటే, ఈ నెలలో నేను మాంసం ఎంత తిన్నానన్నదానికంటే బిస్కెట్లు, కూల్‌డ్రింకులు, పదకొండు గంటల రాత్రి చిప్స్ ఎంత తినలేదన్నదే పెద్ద అంకె. రోజూ తొమ్మిదింటికి ఇంకో మనిషికి లెక్క చెప్పాలని తెలిస్తే, మాంసమేం కర్మ, కాలీఫ్లవర్ పెట్టినా తగ్గేవాణ్ణి. కాలీఫ్లవర్ మాసం మాత్రం ఎవరూ పెట్టరు. దాని పేరు చెప్పుకుని ఛాతీ విరుచుకోవడం కష్టం.

మొన్న చివరి ఆదివారం లీడర్ గారు కొత్త బ్యాచ్ సంగతి చెప్పారు. కొత్తగా చేరేవాళ్లకి అనుభవజ్ఞులైన జోడీలు కావాలట. "మీ పేరు రాసేశాను" అన్నారు నా భుజం తట్టి. నేను నోరు తెరిచేలోపు అందరూ చప్పట్లు కొట్టారు. నా జోడీ అందరికంటే గట్టిగా కొట్టింది, ఆవిడ పేరు రాయలేదు కాబట్టి.

కాబట్టి మళ్లీ కలుద్దాం. ఈలోగా మిరియాల కేసులో తీర్పేమిటో తెలియజేయగలరు.

ఇట్లు,
మీ బోర్డు మీద మూడో పేరు

తా.క.: బ్యాగులోంచి ఏదో వాసనొస్తోందని ఆఫీసులో పక్క సీటాయన రెండు రోజులుగా అంటున్నాడు. మాంసం డైటు కదా, ఇలాగే ఉంటుందని సర్దిచెప్పాను. ఇప్పుడే ఆ జిప్పు గుర్తొచ్చింది.