ఉమ్మడానికీ టిక్కెట్టే

డబ్బిచ్చి నోట్లో పోసుకుని, పుక్కిలించి, బకెట్లో ఉమ్మేసి రావడాన్ని నాగరికత అంటారని సెంట్ ఎమిలియన్ వెళ్లేదాకా నాకు తెలియదు. ఇన్నాళ్లూ దాన్ని పళ్లు తోముకోవడమే అనుకున్నాను.

ఫ్రాన్స్‌లో వైన్‌కి పేరుమోసిన ఊరది, బోర్డో నుంచి రైల్లో కాసేపే. 1999లో యునెస్కో ఆ ద్రాక్షతోటలను ప్రపంచ వారసత్వంలో చేర్చింది కాబట్టి అక్కడి మట్టిని కూడా వినయంగా తొక్కాలి. సున్నపురాయి గుహలో పన్నెండుమందిమి వైన్ రుచి చూడ్డానికి బకెట్ చుట్టూ నిలబడ్డాం. గైడు గ్లాసు తిప్పి, ముక్కు దూర్చి, కళ్లు మూసుకుని ‘తడిసిన రాయి’ అన్నాడు. పక్కనున్న జంట ‘పాత తోలు’, ‘చుట్టల డబ్బా’ అని అందుకుంది. నా వంతొచ్చింది. నాకు తెలుస్తున్నది ద్రాక్ష రుచి. అదేమో అక్కడ అనకూడని మాట. ‘వానకు తడిసిన మా పెరటి గోడ’ అన్నాను. గైడు నా చెయ్యి పట్టుకున్నాడు. ఊపొచ్చి ‘అటక మీది తాతయ్య గొడుగు’ అని కూడా అన్నాను. ఇద్దరు రాసుకున్నారు! తర్వాత అందరం వరసగా ఉమ్మాం. ఇదే పని మన బస్టాండు గోడ మీద చేస్తే జరిమానా.

పక్కనే ఉన్న మెడాక్ ప్రాంతపు వైన్లకు 1855లో ర్యాంకులిచ్చారు. దళారులు చూసింది ముఖ్యంగా అమ్మకం ధర. ఆ మార్కుల జాబితానే ఇప్పటికీ పట్టుకు తిరుగుతున్నారు, యాభై ఏళ్లొచ్చినా టెన్త్ మార్కులు చెప్పుకునే మా బాబాయిలాగ.

సాయంత్రం బోర్డోలో గరోన్ నది ఒడ్డున బూర్స్ మైదానం. నేలమీద పలచటి నీళ్లలో అక్కడి పాత భవనాల నీడ పడుతుంది, అందరూ ఫోన్లెత్తుతారు. ఆ గోడలపై చెక్కిన ముఖాల్లో ఆఫ్రికా ముఖాలూ ఉన్నాయి. ఎందుకని అడిగితే, ‘వలస రాజ్యాలతో వ్యాపారం చేసి ఊరు బాగుపడింది’ అన్నాడు గైడు.

వ్యాపారమా? ఈ రేవు నుంచి సుమారు 480 ఓడలు మనుషుల్ని కొని అమ్మడానికి బయల్దేరాయి. లక్షమందికి పైగా తరలిపోయారు. గ్లాసులో తోలు వాసన పట్టిన ఆ ముక్కుకి ఇది తగల్లేదా? సిగ్గులేని ముక్కు! తూర్పు ఆఫ్రికాలో పుట్టిన అల్ పువేసి అనే ఆమెను ఈ ఊరి అన్నదమ్ములు కొనుక్కుని, పేరు మార్చి, తమ ఇంటిపేరు తగిలించారు. మొదెస్త్ తెస్తాస్‌గా 2019 నుంచి ఆమె కంచు విగ్రహం అదే ఒడ్డున నిలబడి ఉంది.

అక్కడిదాకా నడుద్దామన్నాను. టూర్లో లేదన్నాడు. తర్వాతి టేస్టింగ్‌కి ఆలస్యమవుతోందట.