వెర్లాండర్‌కు ఇంకా 34 గెలుపులు కావాలి. ఎక్కడి నుంచి వస్తాయి?

2025 సీజన్ ముగిసేసరికి అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ పిచర్ (బంతి విసిరేవాడు) జస్టిన్ వెర్లాండర్ ఖాతాలో 266 గెలుపులున్నాయి. మూడు వందలకు ఇంకా 34 కావాలి. 2026 ఫిబ్రవరి 20తో అతడికి 43 ఏళ్లు నిండాయి. నలభై అయిదేళ్ల దాకా ఆడాలని ఉందని, 300 మీద కన్నుందని అతడు ఎన్నోసార్లు బాహాటంగానే చెప్పాడు. అందుకుంటాడా, లేదా అని బేస్‌బాల్ అభిమానులు వాదించుకుంటూనే ఉన్నారు.

అందుకోలేడనే నా అభిప్రాయం. కారణం మాత్రం అందరూ చెప్పేది కాదు. వయసు మీద పడింది, చెయ్యి అరిగిపోయింది అంటారు. అదీ నిజమే, కానీ అసలు చిక్కు వేరే చోట ఉంది. స్టార్టింగ్ పిచర్‌కు గెలుపు దక్కే దారినే ఇప్పటి బేస్‌బాల్ మూసేస్తూ వచ్చింది.

క్రికెట్ చూసి పెరిగిన మనకు ఈ ‘గెలుపు’ లెక్క కాస్త వింతగా ఉంటుంది. జేమ్స్ ఆండర్సన్ 2024లో, 41 ఏళ్ల వయసులో, లార్డ్స్‌లో ఆఖరి టెస్ట్ ఆడి 704 వికెట్లతో తప్పుకున్నాడు. జట్టు ఓడినా ఆ వికెట్లు అతడివే, ఎవరూ తీసుకుపోలేరు. బేస్‌బాల్‌లో అలా కాదు, జట్టు గెలిచిన ప్రతి మ్యాచ్‌నూ ఎవరో ఒక పిచర్ పేరు మీద రాస్తారు. మ్యాచ్ మొదలుపెట్టిన పిచర్‌కు, అంటే స్టార్టర్‌కు, అది దక్కాలంటే మ్యాచ్‌లోని తొమ్మిది ఇన్నింగ్స్‌లో అతడు కనీసం అయిదు వేయాలి. దిగిపోయే సమయానికి జట్టు ఆధిక్యంలో ఉండాలి. తర్వాత వచ్చే రిలీవర్లు ఆ ఆధిక్యాన్ని చివరిదాకా చేజారనివ్వకూడదు.

స్టార్టర్ ఆరు ఇన్నింగ్స్‌లో రెండే పరుగులిచ్చి, 3-2 ఆధిక్యంతో డగౌట్‌కు వెళ్లి కూర్చున్నాడనుకోండి. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రిలీవర్ ఒక హోమ్ రన్ ఇచ్చి స్కోరు సమం చేశాడంటే స్టార్టర్ గెలుపు అక్కడితో గల్లంతే. ఆ వెంటనే జట్టు మరో పరుగు తీసి మ్యాచ్ గెలిస్తే, ఆ గెలుపు చాలాసార్లు పనంతా చెడగొట్టిన రిలీవర్ ఖాతాలోనే పడుతుంది. అన్యాయమే, కానీ రూల్ అదే. అంటే వెర్లాండర్ వెంటపడుతున్న అంకెలో అతడి చేతిలో ఉన్నది కొంతే.

మేజర్ లీగ్ చరిత్ర మొత్తంలో 300 గెలుపులు అందుకున్నవాళ్లు 24 మంది. అందరికన్నా పైన సై యంగ్, 511తో. పిచర్లకు ఏటా ఇచ్చే అత్యున్నత అవార్డు అతడి పేరు మీదే ఉంది. వెర్లాండర్ దాన్ని మూడుసార్లు గెలిచాడు: 2011, 2019, 2022లో. ఆ జాబితాలోకి చివరగా చేరినవాడు రాండీ జాన్సన్, 2009 జూన్ 4న, 45 ఏళ్ల వయసులో. అంతకుముందు ఆరేళ్లలో క్లెమెన్స్, మాడక్స్, గ్లావిన్ ఒకరి వెనక ఒకరు చేరారు. జాన్సన్ తర్వాత తలుపు మళ్లీ తెరుచుకోలేదు.

ఎందుకు తెరుచుకోలేదో వెర్లాండర్ కెరీర్‌లోనే కనిపిస్తుంది. అతడి రెండు సీజన్లను పక్కపక్కన పెట్టి చూడండి.

2006లో అతడు డెట్రాయిట్ టైగర్స్‌లో కుర్రాడు, ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు కూడా అందుకున్నాడు. 30 మ్యాచ్‌లు మొదలుపెట్టాడు, 186 ఇన్నింగ్స్ వేశాడు, ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి తీసేస్తే తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 3.63 పరుగులిచ్చాడు. ఆ సగటునే ఈఆర్‌ఏ అంటారు. 17 గెలిచాడు, 9 ఓడాడు. అంటే 30 మ్యాచ్‌ల్లో కేవలం నాలుగింటిలో గెలుపో ఓటమో అతడి పేరు మీద పడలేదు.

2025లో శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ తరఫున 29 మ్యాచ్‌లు మొదలుపెట్టి, 152 ఇన్నింగ్స్ వేశాడు. ఈఆర్‌ఏ 3.85. గెలుపులు 4, ఓటములు 11. మిగిలిన 14 మ్యాచ్‌ల్లో అతడి పేరిట ఏమీ లేదు. దాదాపు సీజన్‌లో సగం మ్యాచ్‌లు, పనిచేసి ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లినట్టే.

2006 కన్నా ఇప్పుడు లీగ్ మొత్తం మీద పరుగులు కాస్త తగ్గాయి కాబట్టి ఆనాటి 3.63, ఈనాటి 3.85 అచ్చంగా సమానం కావు. నాటి కుర్రాడే మేలు. అయినా 17కూ 4కూ మధ్య ఉన్న తేడా చేతిలో వచ్చిన తేడాతో తూగదు. అప్పుడు మ్యాచ్‌కు సగటున ఆరు ఇన్నింగ్స్ దాటి వేసేవాడు, ఇప్పుడు అయిదు దాటి కొంచెం. 2011లో, 24 మ్యాచ్‌లు గెలిచిన ఏడాది, సగటు ఏడు ఇన్నింగ్స్ పైమాటే: 34 మ్యాచ్‌లు, 251 ఇన్నింగ్స్. అయిదో ఇన్నింగ్స్ అయ్యాక బంతి ఇచ్చేసి దిగిపోతే మిగతా నాలుగు ఇన్నింగ్స్ భారం నలుగురైదుగురు రిలీవర్ల మీద పడుతుంది. వాళ్లలో ఒక్కరు తడబడినా చాలు.

జెయింట్స్‌లో మొదటి 16 మ్యాచ్‌ల పాటు వెర్లాండర్‌కు ఒక్క గెలుపూ రాలేదు, ఓటములు మాత్రం ఎనిమిది. జులై 23న అట్లాంటాలో, 17వ ప్రయత్నంలో, అయిదు ఇన్నింగ్స్ పాటు ఒక్క పరుగూ ఇవ్వకుండా వేసి మొదటిది గెలిచాడు. ఆ మొదటి సగంలో అన్నీ మంచి మ్యాచ్‌లే అనను. ఛాతీ కండరం గాయంతో కొన్నాళ్లు ఆటకు దూరమయ్యాడు, కొన్ని రోజులు నిజంగానే చిత్తుగా కొట్టించుకున్నాడు. కానీ సీజన్ రెండో సగంలో అతడు మళ్లీ పాత వెర్లాండర్‌లా వేశాడు. ఆగస్టులో 3,500 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను అవుట్ చేయడం) దాటాడు, అది సాధించిన పదో పిచర్. అంత బాగా వేసిన రెండో సగం కూడా చేతిలో పెట్టింది నాలుగే.

మేనేజర్లు స్టార్టర్లను ఇంత తొందరగా ఎందుకు దించేస్తున్నారంటే, లెక్కలు అలా చెబుతున్నాయి కాబట్టి. ఒకే పిచర్‌ను బ్యాటర్లు మూడోసారి ఎదుర్కొనేసరికి అతడి బంతులు వాళ్లకు అలవాటైపోతాయి, కొట్టడం తేలికవుతుంది. అలసిన స్టార్టర్‌ను కొనసాగించే బదులు, ఒక్క ఇన్నింగ్స్‌కు ప్రాణం పెట్టి గంటకు వంద మైళ్ల దాకా విసిరే తాజా రిలీవర్‌ను దించడం జట్టుకు లాభం. 2018లో టాంపా బే రేస్ ఇంకో అడుగు వేసి, రిలీవర్‌తోనే మ్యాచ్ మొదలుపెట్టించింది. ఇందులో మేనేజర్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు, జట్టు గెలవడమే వాళ్ల పని. పిచర్ పేరు మీద పడే గెలుపు గురించి ఇప్పుడు ఏ జట్టు ఆఫీసులోనూ ఎవరూ లెక్క చూడరు. ఆ అంకె అవసరం ఉన్నది వెర్లాండర్‌కే, అతడికి బంతి ఇచ్చేవాళ్లకు లేదు.

అవార్డులిచ్చేవాళ్లు కూడా ఆ అంకెను ఎప్పుడో వదిలేశారు. 2010లో ఫెలిక్స్ హెర్నాండెజ్ 13 గెలుపులతో, 2018లో జేకబ్ డిగ్రామ్ 10 గెలుపులతో సై యంగ్ అందుకున్నారు. 2025లో పిట్స్‌బర్గ్ కుర్రాడు పాల్ స్కీన్స్ 10 గెలిచి 10 ఓడాడు, ఈఆర్‌ఏ 1.97, అవార్డు ఏకగ్రీవం. 2024లో గానీ 2025లో గానీ మొత్తం లీగ్‌లో ఒక్కరు కూడా 20 మ్యాచ్‌లు గెలవలేదు. 300 అంటే ఏటా 20 చొప్పున పదిహేనేళ్లు.

అలాంటి కాలంలో 34 గెలుపులు. 2022లా ఏడాదికి 18 గెలిస్తే రెండేళ్లలో అయిపోతుంది, కానీ అది ఎవరూ ఊహించడం లేదు. పది చొప్పున అయితే నాలుగో సీజన్‌లోకి వెళ్లాలి, అప్పటికి వయసు 46. గత రెండేళ్ల లెక్కన, అంటే 2024లో 5, 2025లో 4, చూస్తే యాభై ఏళ్లు నిండాక గానీ తెమలదు.

ముందు తరాల వృద్ధ పిచర్లు 42 ఏళ్ల సీజన్ దాటాక ఎన్ని గెలిచారో చూస్తే కొంత అంచనా దొరుకుతుంది. రాండీ జాన్సన్ మూడు సీజన్లలో 4, 11, 8, మొత్తం 23. వెర్లాండర్ అచ్చం అలాగే ఆడితే 289 దగ్గర ఆగుతాడు. రోజర్ క్లెమెన్స్ రెండు సీజన్లలో 13. ఫిల్ నీక్రో 78, జేమీ మోయర్ 64 గెలిచారు. వీళ్లిద్దరినీ చూసి ఆశపడేవాళ్లు ఉన్నారు గానీ వాళ్ల దారి వేరు. నీక్రోది వేగంతో పనిలేని, గాలిలో తడబడుతూ వచ్చే నకిల్‌బాల్, మోయర్ నెమ్మది బంతులతో బ్యాటర్లను బోల్తా కొట్టించేవాడు. వెర్లాండర్ పుట్టుకే ఫాస్ట్‌బాల్‌తో.

ఫాస్ట్‌బాల్‌నే నమ్ముకున్నవాళ్లలో నోలన్ రయాన్ ఉన్నాడు. 42 ఏళ్ల సీజన్ అయ్యాక, 1990 నుంచి 1993 దాకా అతడు గెలిచినవి 13, 12, 5, 5. మొత్తం 35. వెర్లాండర్‌కు కావాల్సినదానికన్నా ఒకటి ఎక్కువ! అంటే మానవమాత్రుడికి అసాధ్యం కాదు, ఒకరు చేసి చూపించారు. కానీ 1990లో 43 ఏళ్ల రయాన్ 30 మ్యాచ్‌లు మొదలుపెట్టి రెండు వందల ఇన్నింగ్స్ పైన వేశాడు. ఆ 13 గెలుపులు వచ్చింది అందుకే. ఇవాళ 43 ఏళ్లవాడికి కాదు గదా, 25 ఏళ్లవాడికే ఆ పని అప్పజెప్పడానికి జట్లు వెనకాడుతున్నాయి. పైగా రయాన్ కెరీర్ ముగిసింది కూడా 1993 సెప్టెంబర్‌లో సియాటిల్‌లో మోచేతి లిగమెంట్ తెగిపోవడంతోనే.

లిగమెంట్ అంటే గుర్తొచ్చింది. వెర్లాండర్ కూడా 2020లో మోచేతి లిగమెంట్‌ను మార్చే టామీ జాన్ సర్జరీ చేయించుకున్నాడు. కొవిడ్ వల్ల 60 మ్యాచ్‌లకు కుదించిన ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ ఆడి గెలిచాడు, 2021లో బంతే పట్టలేదు. ఆ సర్జరీ మొట్టమొదట చేయించుకుని, దానికి తన పేరునే ఇచ్చిన టామీ జాన్ తర్వాత 46 ఏళ్ల దాకా ఆడాడు. చివరికి 288 దగ్గర ఆగిపోయాడు.

ఆ రెండేళ్లు పోకుంటే వెర్లాండర్ ఈపాటికే చేరేవాడని అతడి అభిమానులు అంటారు. 2019లో 21 గెలిచి ఊపుమీదున్నాడు కాబట్టి వాదన వినసొంపుగానే ఉంది. కానీ కుదించిన సీజన్‌లో అయిదారు, 2021లో పదిహేను వేసుకున్నా 286 దగ్గరే ఉంటాడు. పైగా మోచేతికి రెండేళ్లు విశ్రాంతి దొరక్కపోయి ఉంటే 2022 నాటి 18 గెలుపులు, 1.75 ఈఆర్‌ఏ వచ్చేవా అన్నది అనుమానమే.

ఇక ఉద్యోగం ఎవరిస్తారన్న ప్రశ్న. 1962 సీజన్ ముగిసేసరికి ఎర్లీ విన్ 299 దగ్గర ఉన్నాడు, అప్పటికి వయసు 42. చికాగో వైట్‌సాక్స్ వదిలేస్తే, మరుసటి ఏడాది పాత జట్టు క్లీవ్‌లాండ్ పిలిచి బంతి చేతిలో పెట్టింది. 1963 జులైలో అయిదు ఇన్నింగ్స్ వేసి సరిగ్గా మూడు వందలు పూర్తి చేశాడు. వెర్లాండర్ ఎలాగోలా 295కు చేరితే అతడికీ అలా జరుగుతుంది, టికెట్లు అమ్ముడుపోతాయి కాబట్టి పిలిచే జట్లు వరసకడతాయి. కష్టమంతా 270, 280ల మధ్యలో ఉంది. అక్కడ అతడు సంబరం కాదు, పందాలకు పనికొచ్చే కథా కాదు, జట్టు స్టార్టర్లలో చివరిదైన అయిదో స్థానం కోసం ఒక ఏడాది కాంట్రాక్ట్ అడిగే ముసలి పిచర్ మాత్రమే. అదే డబ్బుకు కుర్రాళ్లు దొరుకుతారు.

హాల్ ఆఫ్ ఫేమ్ కోసమైతే ఈ తాపత్రయం అక్కర్లేదు. 219 గెలిచిన పెడ్రో మార్టినెజ్, 203 గెలిచిన రాయ్ హాలడే, 251 గెలిచిన సీసీ సబాతియా, ముగ్గురూ మొదటి ప్రయత్నంలోనే ఎంపికయ్యారు. మూడు నో-హిట్టర్లు (ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్‌లు), రెండు వరల్డ్ సిరీస్ టైటిళ్లు ఉన్న వెర్లాండర్‌ను ఎవరూ ఆపరు. మైక్ ముసీనా 2008లో 20 మ్యాచ్‌లు గెలిచి, 270 దగ్గర, ఇంకో రెండు మూడేళ్లు ఆడితే 300 వచ్చే అవకాశం ఉన్నా ఇంటికి వెళ్లిపోయాడు. వెర్లాండర్ అలాంటి మనిషి కాదు, బలవంతంగా పంపితే తప్ప వెళ్లడు. నిజం చెప్పాలంటే నాకు అదే నచ్చుతుంది.

బ్యాటింగ్ బలంగా, బుల్‌పెన్ (రిలీవర్ల బృందం) గట్టిగా ఉన్న జట్టులో చోటు దొరికి, 25 మ్యాచ్‌లు ఆరోగ్యంగా వేయగలిగితే ఏడాదికి ఎనిమిది తొమ్మిది గెలుపులు రావచ్చు. అలాంటి సీజన్లు 43 ఏళ్ల వయసులో ఒకటి నమ్మగలను, రెండో దాన్ని ఆశించగలను, మూడో దాని మీద పందెం కాయను. నా లెక్క 280కి అటూ ఇటూగా తేలుతోంది. అతడి తర్వాతి తరంలో ముందున్న గెరిట్ కోల్ 2025 సీజన్ ముగిసేసరికి 35 ఏళ్ల వయసులో 153 దగ్గర ఉన్నాడు, అతడూ ఆ సీజన్ మొత్తం టామీ జాన్ సర్జరీకే పోగొట్టుకున్నాడు.